టైరు ప్రక్కనున్న వ్రాత

మోటారు సైకిలు కొనునపుడు మనము యింజనును, రంగును, వేగమును విచారింతుము. టైరును విచారించువా రరుదు. ఐనను బండిని నేలతో కలుపునవి అరచేయి పాటి రబ్బరు తావులు రెండు మాత్రమే. మన ప్రాణము వాని మీదనే యున్నది.

టైరు తన సంగతి తన ప్రక్కగోడ మీదనే వ్రాసికొని యుండును. వెనుక టైరు మీద “120/80–18 62పి” అని యున్నదనుకొందము. 120 మిల్లీమీటర్లు దాని వెడల్పు. ప్రక్కగోడ యెత్తు ఆ వెడల్పులో నూటికి 80 వంతులు, అనగా 96 మిల్లీమీటర్లు. 18 అంగుళములు రిమ్ము వ్యాసము. 62 కిలోగ్రాములు కాదు. బరువుల పట్టికలోని గుర్తు. ఆ టైరు 265 కిలోగ్రాముల వరకు మోయగలదని దాని యర్థము. “పి” యనగా గంటకు 150 కిలోమీటర్ల వేగము వరకు తగునని; “ఎస్” 180, “హెచ్” 210.

వేరొకచోట నాలుగంకెలు కానవచ్చును. 2319 అని యున్నచో అది 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని గ్రహింపవలెను. ఈ యంకెలు చదువకయే నేనొకమారు చవుకగా వచ్చినదని టైరు కొంటిని. గాళ్లు లోతుగానే యుండెను. కొలది నెలలకే ప్రక్కగోడ పగుళ్లు వారెను. ఒక వాన సాయంకాలము బ్రేకు వేయగా బండి జారెను. నా మోచేయి గీరుకొనిపోయెను; వెనుక కూర్చున్న నా కుమార్తెకు దెబ్బ తగులకపోవుట మా యదృష్టము. ఇంటికి వచ్చి యంకెలు చూచితిని: ఆ టైరు ఏడేండ్లనాటిది!

కావున బండి తయారుచేసినవారు చెప్పిన కొలతనే కొనుడు. బరువు గుర్తును, వేగపు టక్షరమును వారు చెప్పినదానికి తగ్గరాదు. ఠీవి కొరకు లావైన టైరు తొడిగినచో ఇరుకు రిమ్ములో దాని యాకారము చెడి, మలుపులలో బండి మాట వినదు. బాణపు గుర్తు చక్రము తిరుగు దిక్కునకే యుండవలెను. ప్రక్కన వ్రాసిన గాలి యొత్తిడి గరిష్ఠ పరిమితి. నిత్యము పట్టింపవలసినది బండి పుస్తకములో నుండును. “టి.డబ్ల్యు.ఐ.” అను నక్షరములకు సూటిగా గాళ్లలో చిన్న గట్లుండును. రబ్బరు వాని మట్టమునకు అరిగినచో ఆ టైరు ఋణము తీరినట్లే.

రేపు బండి తీయుటకు ముందు ఒక్క నిమిషము క్రిందికి వంగి ఆ వ్రాత చదువుడు.