సెలవుల ప్రయాణంలో ఫోటోల మూట

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పంచాంగ శ్రవణం అయినది. ఎవరి ఆదాయమెంతో, వ్యయమెంతో అందరమూ విన్నాము. కవి సమ్మేళనం ఇంకా కావలసి ఉన్నది. ఈ రెంటి నడుమ మాకు పదిహేను నిమిషాలు ఇచ్చి, సంసారులకు పనికివచ్చే విషయం ఏదైనా చెప్పమని కార్యదర్శిగారు సెలవిచ్చారు. మేము పండితులము కాము. మెట్రిక్ వరకు చదివి రైల్వేలో గుమాస్తా పని చేసుకొనే వారము. లెక్క, సామాను, రసీదు, ఇవే మాకు తెలిసిన విద్యలు. కాబట్టి సామాను గురించే మాట్లాడుతాము. ఐతే ఈ సామాను తూకానికి రాదు, కంటికి కనపడదు. ప్రయాణంలో మనం తీసే ఫోటోల సంగతి.

పిల్లల పరీక్షలు అయిపోతున్నవి. ఇక మన షోలాపూరు తెలుగు వాడల్లో పెట్టెలు సర్దడం మొదలవుతుంది. కొందరు గుంతకల్లు, రేణిగుంట మీదుగా తిరుపతి పోతారు. కొందరు కోణార్క్ ఎక్కి విశాఖపట్నం దిగి, అక్కడ నుంచి అరకు పోతారు. ఎక్కువ మంది మాత్రం కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు దిక్కున ఉన్న తాతల నాటి పల్లెలకు పోతారు. అక్కడ ఇంకా ఒక ఇల్లు, ఒక ముసలి ప్రాణం, ఒక వేపచెట్టు మన కోసం ఉన్నవని పోతారు. టిక్కెట్టు సంగతి మీకు మేము చెప్పనక్కర లేదు. 2024 నవంబరు 1 నుంచి రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. అది అందరికీ కంఠస్థమే. ఫోటోల విషయంలో మాత్రం ముందుచూపు తక్కువగా కనపడుతున్నది.

మన నాయనల కాలంలో ఈ చిక్కు లేదు. అగ్ఫా క్లిక్ త్రీ కెమెరాలో రీలు వేస్తే పన్నెండు ఫోటోలు వచ్చేవి. తరువాత వచ్చిన చిన్న రీలుకు ముప్పైఆరు. ఒక్కొక్క ఫోటో తీయడానికి ముందు ఇంటిల్లిపాదీ తల దువ్వుకొని, చొక్కా గుండీలు పెట్టుకొని నిలబడేవారు. రీలు కడిగించి, అచ్చు వేయించి, ఆల్బంలో అంటించేవారు. అచ్చు పోతే నెగటివ్ ఉండేది. అనగా ఎవరూ చెప్పకుండానే ప్రతి ఫోటోకు రెండు ప్రతులు ఉండేవి. ఈ మాట జ్ఞాపకం ఉంచుకోండి, మళ్లీ వస్తుంది.

1975లో అమెరికాలో కొడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు రీలు లేని కెమెరా ఒకటి తయారు చేశాడు. దాని ఫోటోలో నిలువు నూరు, అడ్డం నూరు, మొత్తం పదివేల చుక్కలు మాత్రమే. ఒక ఫోటోను పాటల క్యాసెట్టు వంటి టేపు మీద ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. టేపు మీద ముప్పై ఫోటోలు చాలునని ఆయన నిర్ణయించాడు. ఇవాళ మీ కోడలి చేతిలోని ఫోను పన్నెండు మెగాపిక్సెళ్లది అనుకోండి. అంటే ఒక ఫోటోకు కోటీ ఇరవై లక్షల చుక్కలు. ముప్పై ఫోటోలు రైలు స్టేషను దాటకముందే అయిపోతవి.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ఫోనుతో తీసిన మామూలు ఫోటో సుమారు 3 నుంచి 5 ఎంబీ ఉంటుంది. పెద్ద కెమెరాతో, 24 మెగాపిక్సెళ్లతో తీసినది 10 ఎంబీ దాకా పోతుంది. రా అనే పద్ధతిలో తీస్తే ఒక్కటే 25, 30 ఎంబీ. పెండ్లి ఫోటోలు తీసే వృత్తివారికి తప్ప మన బోటి వారికి రా అక్కర లేదని మా అభిప్రాయం. అసలు భారం వీడియోలది. ఫోర్-కే వీడియో ఒక్క నిమిషానికి 350 ఎంబీ వరకు తింటుంది. అదే మామూలు హెచ్‌డీ ఐతే సుమారు 130. మేనల్లుడు బొర్రా గుహల్లో పది నిమిషాలు ఫోర్-కే తీశాడంటే 3,500 ఎంబీ, అనగా 800కు పైగా ఫోటోల చోటు పోయినట్టే. పైగా అక్కడ చీకటి. అరకు దారిలో సొరంగాలు యాభైకి పైగా ఉన్నవి. 2017లో అద్దాల పెట్టె వచ్చినప్పటి నుంచి ప్రతి సొరంగంలోనూ ఫోను ఎత్తి పట్టుకొనే వారిని చూస్తున్నాము. చీకటికి ఫోటో ఎందుకో మాకు బోధపడదు.

32 జీబీ కార్డు కొంటే కంప్యూటరులో 29.8 అని చూపుతుంది. అంగడివాడు మోసం చేశాడని వానితో తగవు పెట్టుకోవద్దు. కార్డు చేసేవాడు వెయ్యి లెక్కన, కంప్యూటరు 1024 లెక్కన కొలుస్తవి, అంతే. నిజమైన మోసం వేరే ఉన్నది. ఫుట్‌పాత్ మీద, లేకపోతే ఊరూ పేరూ లేని అంగట్లో, 1 టీబీ అని అచ్చు వేసిన కార్డు నాలుగైదు వందలకు ఇస్తారు. లోపల ఉన్నది 16 జీబీయో, 32 జీబీయో. కెమెరాకు మాత్రం అది వెయ్యి జీబీ అని అబద్ధం చెబుతుంది. ఉన్న చోటు నిండిన తరువాత తీసిన ఫోటోలు దక్కవు, కొన్నిసార్లు మొదటివి కూడా చెడిపోతవి. ఇంటికి వచ్చి చూసేదాకా ఏమీ తెలియదు. కాబట్టి కొత్త కార్డు కొన్నప్పుడు ప్రయాణానికి వారం ముందే కంప్యూటరులో దాన్ని నిండా నింపి, తిరిగి తెరిచి చూడండి. రాసినది రాసినట్టు వస్తే ఆ కార్డు నమ్మదగినది.

కార్డు ఎంత పెద్దది కొనాలని చాలామంది అడుగుతారు. మేము గూడ్సు లెక్క చెబుతాము. ఊరి సరుకంతా ఒకే వాగనులో ఎక్కించరు. 128 జీబీ కార్డు ఒకటి కొనే కంటె 32 జీబీవి నాలుగు కొనడం మేలు. ఒకటి పోతే మూడు దక్కుతవి. ఐతే చిన్న కార్డులు మార్చేటప్పుడు పారేసుకొనే వారూ ఉన్నారు. వారికి డబ్బా ఒకటి ఉండాలి. నిండిన కార్డును బోర్లా పెట్టండి, ఖాళీది వెల్లకిలా పెట్టండి. నిండిన కార్డుకు పక్కన ఉండే చిన్న తాళం గొళ్లెం కిందికి జరిపితే దాని మీద మళ్లీ రాయడం కుదరదు. ఆ గొళ్లెం ఉన్న సంగతే చాలామందికి తెలియదు.

ఇక్కడ ఒక నిజమైన సంగతి చెప్పాలి. వారు ఈ సభలోనే ఉన్నారు, వారి అనుమతితోనే చెబుతున్నాము, పేరు చెప్పము. రెండేండ్ల కిందట ఆ కుటుంబం వరంగల్లు పక్కన తమ పల్లెకు పోయింది. నాయనమ్మకు తొంభై దాటినవి. ఆమె పెనిమిటి నేసిన గుంట మగ్గం ఇంకా ఇంట్లో ఉన్నది. ఆమె రాట్నం ముందు కూర్చుండి, ఇదిరా కండె, ఇదిరా నాడె, ఆసు ఇట్లా పోస్తారు అని మునిమనుమలకు ఒక్కొక్కటి చూపించింది. షోలాపూరులో మరమగ్గాల చప్పుడు తప్ప ఎరుగని పిల్లలు అదంతా ఫోనులో తీశారు. నాలుగు రోజులు తీశారు. తిరుగు ప్రయాణంలో ఆ ఫోను ఉన్న సంచి పోయింది. ఎక్కడ పోయిందో ఎవరికీ తెలియదు. ఆ కార్తీకంలో నాయనమ్మ పోయింది. దండ వేయడానికి ఫోటో కావలసి వచ్చింది. పల్లె నుంచి ఆ పిల్లవాడు మేనమామకు వాట్సాపులో పంపిన ఫోటో ఒక్కటి మిగిలింది. దాన్ని పటానికి సరిపడా పెద్దది చేయిస్తే మొహం మసక బారింది. ఇంట్లో ఆ పటమే ఉన్నది. కండె చుడుతున్న ఆ చేతులు మాత్రం ఎక్కడా లేవు.

ఫోను పోతే పన్నెండు వేలో, పదిహేను వేలో. దానికి బీమా ఉండవచ్చు, వాయిదాలు ఉండవచ్చు. నాలుగు రోజుల నాయనమ్మకు బీమా లేదు గదా. అందుకే రెండో ప్రతి గురించి ఇంతగా చెబుతున్నాము.

రోజుకు ఒకసారి, రాత్రి భోజనాలైన తరువాత, ఆ రోజు ఫోటోలను ఇంకొక చోటికి ఎక్కించాలి. కంప్యూటరు మోసుకు పోనక్కర లేదు. ఫోనుకు నేరుగా తగిలించే పెన్ డ్రైవులు ఉన్నవి. కెమెరా కార్డు ఐతే కార్డు రీడరు అనే చిన్న సాధనం ఫోనుకు పెట్టి, కార్డులోనివి ఫోనులోకి, అక్కడ నుంచి పెన్ డ్రైవులోకి తీసుకోవచ్చు. కొన్ని కెమెరాలు వైఫై ద్వారా ఫోనుకు పంపుతవి. ఆ పంపేది చాలా వాటిలో చిన్నది చేసిన ఫోటో, అసలుది కాదు. అసలు సైజు అనే గుర్తు ఎంచుకున్నామో లేదో ఒకసారి చూడాలి. అన్నిటికంటె ముఖ్యం, ఆ పెన్ డ్రైవు ఫోను ఉన్న సంచిలో పెట్టరాదు. ఫోను అన్న దగ్గర ఉంటే పెన్ డ్రైవు వదిన సంచిలో ఉండాలి. రెండు ప్రతులూ ఒకే సంచిలో పెడితే దొంగకు రెండు ప్రతులు ఇచ్చినట్టు.

ఆకాశంలో దాచడం, అదే క్లౌడు, మంచిదే. గూగుల్ ఫోటోస్ 2021 జూన్ 1కి ముందు అపరిమితంగా ఉచితంగా దాచేది. ఆ తేదీ నుంచి 15 జీబీ మాత్రమే ఉచితం, అందులోనే మీ ఉత్తరాలు, కాగితాలు కూడా. కాబట్టి బయలుదేరే ముందు అందులో చోటు ఎంత మిగిలిందో చూడండి. రోజుకు ఒకటిన్నర జీబీ డేటా ఉన్నవారు 200 ఫోటోలు పంపితే 800 ఎంబీ ఖర్చు. అది గిట్టుబాటే. వీడియోలు పంపితే గిట్టదు, వైఫై దొరికిన చోట పంపండి. ఆరువేలకు పైగా స్టేషన్లలో రైల్‌టెల్ వారి వైఫై ఉన్నది, రోజుకు మొదటి అరగంట ఉచితం. ఐతే బండి వచ్చే వేళ దాన్ని నమ్ముకొని ప్లాట్‌ఫారం మీద నిలబడిపోవద్దు. ఇది రైల్వేవారుగా మా హెచ్చరిక.

ఇందులో ఒక గుంట ఉన్నది, చాలామంది పడుతున్నారు. ఫోను నిండిపోయిందని, ఎటూ పైన దాచాము గదా అని, గూగుల్ ఫోటోస్ లోనే ఫోటోలను తుడిచివేస్తారు. అట్లా తుడిస్తే పైనున్నదీ పోతుంది. ఫోనులో మాత్రమే ఖాళీ చేయడానికి వేరే మీట ఉన్నది, చోటు ఖాళీ చేయి అని. దాన్నే నొక్కాలి. పొరపాటున తుడిచినా వెంటనే గుండె బాదుకోనక్కర లేదు. పైన దాచినవి 60 రోజులు, దాచనివి 30 రోజులు చెత్తబుట్టలో ఉంటవి, తిరిగి తీసుకోవచ్చు.

వాట్సాపు దాచుకొనే పెట్టె కాదు, కార్డు ముక్క మీద రాసే ఉత్తరం వంటిది. మామూలుగా పంపితే ఫోటోను చిన్నది చేస్తుంది. నాయనమ్మ పటం మసక బారింది అందుకే. డాక్యుమెంటు అనే దారిన పంపితే ఉన్నది ఉన్నట్టు పోతుంది. షోలాపూరులో ఉన్న బావకు రోజుకు పది మంచి ఫోటోలు ఆ దారిన పంపితే, అదీ ఒక ప్రతి అయినట్టే.

కెమెరా కార్డులో ఫోటోలు పొరపాటున తుడిచిపోతే ఏం చేయాలి? ఏమీ చేయకూడదు. ఆ కార్డుతో మరి ఒక్క ఫోటో కూడా తీయకూడదు. తుడవడం అంటే పట్టీలో పేరు కొట్టివేయడమే, సరుకు గిడ్డంగిలోనే ఉంటుంది. కొత్త సరుకు దాని మీద పడితేనే పోతుంది. కార్డు బయటకు తీసి జాగ్రత్త చేసి, ఇంటికి వచ్చి కంప్యూటరులో వెతికించాలి. ఫోటోరెక్ అనే ఉచిత సాధనం ఇందుకు ఉన్నది. దొరికినవాటిని అదే కార్డు మీద కాక వేరే చోట దింపాలి. ఫోను సంగతి వేరు, చెత్తబుట్ట కూడా ఖాళీ అయితే అందులో వెతికి తీయడం చాలా కష్టం.

ఇంకా చిన్న చిన్నవి. కెమెరా గడియారం సరిచేసి బయలుదేరండి. దాని తేదీ తప్పితే తిరుమల తరువాత తీసినవి ముందుకు వచ్చి కలుస్తవి. కెమెరాలు ఫోటోలకు వరుస సంఖ్యలే పేర్లుగా పెడతవి. రెండు కెమెరాలవి ఒకే చోట దింపితే ఒకే పేరు గలవి ఎదురై ఒకదాన్ని మరొకటి మింగవచ్చు. తేదీ, ఊరు రాసి వేరు వేరు అరలు చేయండి. కెమెరా మీద దీపం మిణుకుతుండగా కార్డు లాగవద్దు. రెండు చోట్ల ప్రతులు ఉన్నవని కంటితో చూసుకున్న తరువాతే కార్డు ఖాళీ చేయండి, అదీ కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. తిరుమల ఆలయంలోకి ఫోనులు, కెమెరాలు రానివ్వరు. బయట జమ చేసి రసీదు తీసుకోవాలి. ముందటి రాత్రే ప్రతి తీసి పెట్టుకుంటే దర్శనం క్యూలో మనసు దేవుని మీద ఉంటుంది, ఫోను మీద ఉండదు.

పల్లెకు పోయేవారికి ప్రత్యేకంగా ఒక మనవి. గుడి, గోపురం, జలపాతం మన కంటె బాగా తీసినవారు వేలమంది ఉన్నారు. మీ నాయనమ్మను మాత్రం మీరే తీయాలి. ఆమె మాట్లాడుతుండగా వీడియో తీయండి, ఫోర్-కే అక్కర లేదు, హెచ్‌డీ చాలు. మాట వినపడితే చాలు. మగ్గం గుంట, పాత తలుపు మీది పేరు, గోడకు ఉన్న పటాలు, వెనుక తేదీలు రాసిన పాత ఫోటోలు, ఇవి తీయండి. ఎవరు ఎవరికి ఏమవుతారో అడిగి, ఆ మాట కూడా ఫోనులో చెప్పించి పెట్టండి. ఇక్కడ పుట్టిన పిల్లలకు మరాఠీ బడి, ఇంగ్లీషు బడి. ఆ ముసలివారి తెలుగు వారికి మళ్లీ ఎక్కడ వినపడుతుందో ఆలోచించండి.

పచ్చడి, పులిహోర పంచే బల్ల పక్కన మేము అరగంట కూర్చుంటాము. కార్డు రీడరు, పెన్ డ్రైవు రెండూ తెచ్చాము. మొదట పెద్దవారు రండి, పిల్లలకు ఎట్లాగూ మా కంటె ఎక్కువ తెలుసు. కవులు ఎదురు చూస్తున్నారు, సెలవు.