మామయ్య టీవీఎస్ గోల్డ్ కీబోర్డ్‌కి మళ్లీ ప్రాణం: పీఎస్/2 నుంచి యూఎస్‌బీకి

ముందు ఈ సౌండ్ వినండి. టక్, టక్, టక్. మీలో కొంతమందికి వెంటనే ఏదో ఒక బ్యాంకు కౌంటరో, డీటీపీ సెంటరో గుర్తొచ్చేసి ఉంటుంది. అవును, టీవీఎస్ గోల్డ్. చెన్నై కంపెనీ టీవీఎస్ ఎలక్ట్రానిక్స్ వాళ్ల కీబోర్డ్. లోపల ఉన్నవి జర్మనీ కంపెనీ చెర్రీ వాళ్ల ఎంఎక్స్ బ్లూ స్విచ్‌లు. ఇవాళ గేమింగ్ కీబోర్డ్ కొనేవాళ్లు వేలు పోసి వెతుక్కునే స్విచ్‌లు, మన ఊళ్లో పెళ్లి శుభలేఖలు కొట్టడానికి వాడేవాళ్లు.

ఇది మా మామయ్యది. చోడవరంలో డీటీపీ షాపు ఆయనది. శుభలేఖలు, కరపత్రాలు, గుడి పండగ పోస్టర్లు, అన్నీ అను ఫాంట్స్‌లో, యాపిల్ లేఅవుట్‌లో కొడతారు. కీల మీద అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి. ఆయనకి వాటితో పనేం లేదు, వేళ్లకే తెలుసు.

పాత కంప్యూటర్ పోయింది, కొత్తది కొన్నారు. దానికి ఆ గుండ్రటి పీఎస్/2 పోర్ట్ లేదు. దాంతో పాటు వచ్చిన పల్చటి కీబోర్డ్ మీద కొట్టడం మొదలెట్టారు. కీ దిగిందో లేదో వేలికి తెలియదు. ఓ శుభలేఖలో పెళ్లికూతురి ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది, ప్రూఫ్‌లో ఎవరూ చూడలేదు. 300 కార్డులు సొంత డబ్బుతో మళ్లీ వేయించి ఇచ్చారు. ఆ రోజు నాతో ఒకటే మాట అన్నారు: "ఇంక సాల్రా అల్లుడూ, షాపు మూసేత్తాను." అందుకే ఈ ఎపిసోడ్.

మొదట నేను చేసిన తప్పు చెప్తాను. మార్కెట్లో చిన్న అడాప్టర్ దొరుకుతుంది, ఒక పక్క పీఎస్/2, ఇంకో పక్క యూఎస్‌బీ. అది కొని పెట్టాను. లైట్లు ఒక్కసారి వెలిగాయి, అంతే. ఎందుకంటే అందులో చిప్ ఏమీ లేదు, వట్టి వైర్లే. రెండు భాషలూ వచ్చిన కీబోర్డ్‌కే అది పనికొస్తుంది. ఇది పీఎస్/2 ఒక్కటే మాట్లాడుతుంది.

తేడా ఏంటంటే, పీఎస్/2 అనేది 1987లో ఐబీఎం తెచ్చిన పీఎస్/2 కంప్యూటర్లతో వచ్చింది. మీరు కీ నొక్కగానే కీబోర్డే కంప్యూటర్‌ని పిలుస్తుంది. ఒక్కో బైట్‌కి 11 బిట్లు పంపుతుంది: ఒకటి స్టార్ట్, 8 డేటా, ఒకటి పారిటీ, ఒకటి స్టాప్. 'ఎ' కీ నొక్కితే 1సి, వదిలితే ఎఫ్0, 1సి. యూఎస్‌బీలో అలా కాదు. "ఏమైనా ఉందా, ఏమైనా ఉందా" అని కంప్యూటరే అడుగుతూ ఉంటుంది, అడిగినప్పుడే కీబోర్డ్ జవాబు చెప్తుంది. అందుకని మధ్యలో ఒక దుబాసీ కావాలి.

ఆ దుబాసీ ఈ ప్రో మైక్రో బోర్డు. ఏటీమెగా32యూ4 చిప్ ఉన్న 5 వోల్టుల వెర్షన్ తీసుకోండి, 3.3 వోల్టులది వద్దు. పీఎస్/2 ప్లగ్‌లో మనకి కావాల్సినవి నాలుగే పిన్నులు: 1 డేటా, 3 గ్రౌండ్, 4 కరెంట్, 5 క్లాక్. డేటాకి, క్లాక్‌కి ఒక్కోటి 4.7 కిలో ఓమ్ రెసిస్టర్ 5 వోల్టులకి కలపండి. బోర్డులో టీఎంకే అనే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్‌లోని పీఎస్/2 కన్వర్టర్ ఎక్కించాను. బోర్డు మీద ఏ పిన్ను డేటాకి, ఏది క్లాక్‌కి అన్నది ఆ ఫర్మ్‌వేర్ కాన్ఫిగ్ ఫైల్లోనే ఉంటుంది, చూసి కలపండి.

ఇక్కడ జాగ్రత్త. ప్లగ్‌ని ముందు నుంచి చూస్తే ఒక వరస, సాకెట్‌ని చూస్తే అద్దంలో లాగా తిరగబడుతుంది. నేను అక్కడే బోల్తా పడ్డాను, క్లాక్, డేటా తారుమారు చేశాను. అదృష్టం, ఏమీ కాలలేదు. కరెంటు, గ్రౌండ్ తారుమారైతే మాత్రం కీబోర్డ్‌కే ముప్పు. మల్టీమీటర్‌తో చూసుకున్నాకే కరెంటు ఇవ్వండి.

సరిగ్గా కుదిరిందో లేదో తెలియాలంటే క్యాప్స్ లాక్ నొక్కండి. ఆ లైటు వెలిగించేది కీబోర్డ్ కాదు, కంప్యూటర్ చెప్తేనే వెలుగుతుంది. అది వెలిగిందంటే మాట అటూ ఇటూ రెండు వైపులా వెళ్తున్నట్టే.

ఇక క్లీనింగ్. ముందు ఫోటో తీసి పెట్టుకోండి, తర్వాత ఏ కీ ఎక్కడో వెతుక్కోనక్కర్లేదు. కీలన్నీ పీకి, సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాను. మరిగే నీళ్లు వద్దు, ప్లాస్టిక్ వంగిపోతుంది. స్పేస్ బార్, ఎంటర్ కింద తీగ ఉంటుంది, మెల్లగా తీయండి. లోపల ఎన్నేళ్ల దుమ్మో, శుభలేఖల మెరుపుల పొడితో సహా.

మూడు కీలు ఒకసారి కొడితే రెండుసార్లు పడుతున్నాయి. స్విచ్‌లు అరిగిపోయాయి. కొత్తవి కొనలేదండీ. స్క్రోల్ లాక్, పాజ్, కుడిపక్క విండోస్ కీ, ఈ మూడూ మామయ్య ఎప్పుడూ ముట్టుకోలేదు. వాటి స్విచ్‌లు టంకం కరిగించి తీసి, అరిగిన చోట వేశాను. అరిగినవి అక్కడ పెట్టేశాను. బోర్డు, వైర్లు, రెసిస్టర్లు అన్నీ కలిపి నాకు 700 రూపాయల లోపే అయింది.

మామయ్య అడిగిన మొదటి ప్రశ్న: "ఏట్రా, దీన్లో తెలుగొత్తాదా?" మంచి ప్రశ్న. కీబోర్డ్‌కి తెలుగూ రాదు, ఇంగ్లీషూ రాదు. ఎన్నో కీ నొక్కారో అదొక్కటే చెప్తుంది, అక్షరం చేసేది సాఫ్ట్‌వేర్. అందుకే ఆయన అను లేఅవుట్ ఒక్క కీ కూడా మారకుండా వచ్చింది. నేను ఇన్‌స్క్రిప్ట్ పెట్టి చూశాను, చోడవరం అని కొట్టడానికి ఆరే కీలు.

ఆయన కూర్చుని మొదట కొట్టింది ఆ పెళ్లికూతురి ఇంటిపేరు. కొట్టి, కళ్లద్దాలు పైకి జరుపుకుని, అక్షరం అక్షరం చూసుకున్నారు. తర్వాత నా వైపు చూడకుండానే, "ఆ ఫైలు తియ్, రేపిచ్చేయాలి" అన్నారు. షాపు సంగతి నేనూ మళ్లీ అడగలేదు.

మీ ఇంట్లో అటక మీద ఇలాంటిది ఉంటే పాత సామాన్లవాడికి వేసేయకండి. ముందు పీఎస్/2 పోర్ట్ ఉన్న పాత కంప్యూటర్‌కి పెట్టి పని చేస్తుందో లేదో చూడండి, పెట్టేటప్పుడు మాత్రం కంప్యూటర్ ఆఫ్‌లో ఉండాలి. ఎక్కడ ఆగిపోయినా ఫోటో తీసి నాకు పంపండి, కలిసి చూద్దాం. మళ్లీ కలుద్దాం, ఉంటానండి.