ప్రయోజనమేమిటి?
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను సర్వీసంతా ఖర్చుల ఫైళ్లు చూసినవాణ్ణి. ఏ కాగితం వచ్చినా "దీనివల్ల ప్రయోజనమేమిటి?" అని రాయడం అలవాటు. మా మనవరాలు ఫిజిక్సులో పరిశోధన చేస్తానన్నప్పుడూ అదే అడిగాను. "తెలుసుకోవాలని ఉంది తాతయ్యా" అంది. అదేం జవాబని కసిరాను.

తరువాత నడుము నొప్పికి ఎం.ఆర్.ఐ. స్కానింగు తీయించుకోవలసి వచ్చింది. ఆ యంత్రం కథ ఆ పిల్లే నాకు చెప్పింది.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. దానిని చూడటానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త మన గుంటూరు వచ్చాడు. మద్రాసు నక్షత్రశాల నుంచి పోగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. సూర్యుని అంచున ఎగసే జ్వాలల కాంతిని విడదీసి చూస్తే అందులో ఒక పసుపుపచ్చ గీత కనిపించింది. ఆ అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ ఆ గీతను పరిశీలించి, అది సోడియంది కాదన్నాడు. భూమిమీద ఎవరూ ఎరుగని ఆ మూలకానికి గ్రీకులో సూర్యుని పేరు మీదుగా హీలియం అని పేరు వచ్చింది.

1895లో రామ్సే దానిని ఒక ఖనిజంలో పట్టుకున్నాడు. 1908లో హాలెండులో కామర్లింగ్ ఓన్స్ దానిని ద్రవంగా మార్చాడు. అంత చలిలో పాదరసం విద్యుత్తును ఏ నిరోధమూ లేకుండా పోనిస్తుందని 1911లో గమనించాడు. ఈనాటి ఎం.ఆర్.ఐ. యంత్రాలలో ఎక్కువవాటి అయస్కాంతపు తీగచుట్టలు సుమారు మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంతోనే చల్లబడుతున్నాయి. వాళ్లలో ఎవరికీ నా నడుము సంగతి తెలియదు!

1868లో ఆ ఫైలు నా బల్లమీదికి వచ్చి ఉంటే, "గుంటూరు ప్రయాణ ఖర్చు అనవసరం" అని తిప్పి పంపేవాణ్ణి.

అన్ని పరిశోధనలూ ఇలా ఫలిస్తాయని నేననను. రోగాలకు మందు వెతికే పరిశోధనా కావలసిందే. కాని ఏది ఫలిస్తుందో ముందే చెప్పగలవారు లేరు. తాతలు నాటిన చెట్ల కాయలు మనం తిన్నాం. మన మనవలు నాటబోతే అడ్డుపడటం న్యాయమా?

నా మాట తప్పని మనవరాలితో ఒప్పుకున్నాను. ఇప్పుడామె పరిశోధనలో ఉంది. ఇంకా ఏమీ కనిపెట్టలేదు. ప్రయోజనమేమిటని నేనూ అడగటం లేదు.