నా బదులు నువ్వు నిలబడు

ఒకరి జాగలో కొంతకాలం మరొకరు నిలబడితే మనం వాడే మాటల గురించి మూడు సంగతులు చెబుతానని ఈ సభ ఆహ్వానపత్రంలో వేశారు: మారు, బదులు, ఇన్‌చార్జి.

మారు మన ఇంటి మాట. మారుతల్లి, మారుమనువు, మారుబేరం. అయితే ఈ మాటతో వచ్చినది ఉండిపోవడానికే వస్తుంది. మారుతల్లి నాలుగు రోజులుండి వెళ్లిపోదు కదా. కాసేపు నిలబడి తప్పుకునేవాడికి ఈ మాట చాలదు. అందుకు మనకు బదులు కావలసి వచ్చింది.

బదులు మాట అరబ్బీలో పుట్టి ఉర్దూ దారిన మన దగ్గరికి చేరింది. "నా బదులు నువ్వు పో" అంటాం. కాగితం లేకుండా తీసుకున్న పదో పరకో చేబదులు. అడిగితే చెప్పేది కూడా బదులే. ఇంకొకరి జాగలో నిలబడ్డవాడు ఆ జాగను అప్పు తీసుకున్నట్టే, తిరిగి ఇచ్చేయాలి. ఉన్నన్నాళ్లూ అడిగినవారికి బదులు చెప్పాలి. ఇవన్నీ ఒక్క మాటలో ఇమిడిన తీరు చూసి నేను ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటాను. ఇంతటి మాటను పరాయిదని కొట్టేసి 'ప్రత్యామ్నాయం' అని రాయమనే వాళ్లను చూస్తే మనసు చివుక్కుమంటుంది. మన అమ్మలు నాట్లకు పోయినప్పుడు ప్రత్యామ్నాయానికి పోలేదు. ఇవ్వాళ నీ మడిలో, రేపు నా మడిలో అని బదులుకు పోయారు.

ముందు వరుసలో రెవెన్యూలో పనిచేసి రిటైరైన పెద్దలు కనిపిస్తున్నారు. వారిని చూస్తే నాయబ్ తహసీల్దార్ గుర్తొస్తున్నాడు. నాయబ్ అంటే పై అధికారి తరఫున పనిచేసేవాడు. ఆ అరబ్బీ మాటకు బహువచనమే నవాబుగా మారింది. అంటే నవాబు కూడా మొదట్లో ఇంకొకరి బదులు కూర్చున్నవాడే. అసఫ్ జాహీ నిజాంలలో మొదటివారు మొగలు చక్రవర్తి సుబేదారు. 1724 నుంచి దక్కన్‌ను సొంతంగా ఏలారు, ఆ వంశం 1948 దాకా సాగింది. మన ఊరికి నిజామాబాద్ అన్న పేరూ వారివల్లనే. చేబదులు తిరిగి ఇవ్వకపోతే కథ ఎంత దూరం పోతుందో చూడండి. పల్లెల్లో వంశపారంపర్య హక్కున్న వతన్‌దారు పట్వారీ ఎక్కడో ఉంటే, ఆయన పేరుమీద లెక్కలు రాసిన గుమాస్తా పట్వారీలూ ఉండేవారు. ఆ పట్వారీ పద్ధతిని 1984లో తీసేశారు. పాత పహాణీల్లో, అంటే భూమి లెక్కల్లో, కనిపించే చేతిరాత ఆ గుమాస్తాలదే. పేరు మాత్రం వేరొకరిది.

ఇక ఆహ్వానపత్రంలో లేకపోయినా నాకు అన్నిటికంటే ఇష్టమైన మాట చెప్పాలి. అది ఏ నిఘంటువులోనూ దొరికింది కాదు, బోధన్‌లోని శక్కర్‌నగర్‌లో దొరికింది. నిజాంసాగర్ నీళ్లకు చెరుకు పెరిగి, 1937లో నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ వచ్చాక, బోధన్ చుట్టుపక్కల ఇంటింటా ఒక షిఫ్టు మనిషి ఉండేవాడు. మా నాన్న అక్కడ చక్కెర పాకం ఉడికించే పాన్ మీద పనిచేసేవాడు. మా ఇంట్లో రోజూ వినబడే మాట రిలీవర్, అంటే షిఫ్టు మారేటప్పుడు వచ్చి పని అందుకునేవాడు. "రిలీవర్ వచ్చిండా?" అని అమ్మ అడిగితే, నాన్న ఇంకా ఎంతసేపటికి వస్తాడని అడిగినట్టు.

చిన్నప్పుడు ఒక రాత్రి అన్నం డబ్బా ఇవ్వడానికి వెళ్లి చూశాను. పాన్‌లో పాకం ఉడుకుతోంది. చక్కెర గింజ కట్టడానికి గంటలు పడుతుంది, షిఫ్టు మారినా పాన్ ఆగదు. నాన్న సన్నటి కడ్డీ లోపలికి దూర్చి కాస్త పాకం బయటికి తీశాడు. గాజు పలక మీద పరిచి, దీపానికి ఎదురుగా పట్టాడు. ఆ తర్వాత బొటనవేలితో చూపుడువేలి మీద రుద్ది చూశాడు. అంతలో రిలీవర్ వచ్చాడు. నాన్న ఆ గాజు పలకను ఆయన చేతిలో పెట్టి, "గింజ మంచిగ కట్టింది. పాకం ఇంకా పడ్తది. ఆవిరి జర తక్కువున్నది, చూసుకో" అన్నాడు. రిలీవర్ కూడా అదే పాకాన్ని తన వేళ్లతో రుద్ది చూసి తల ఊపాడు. అప్పుడుగానీ నాన్న భుజం మీది తువ్వాల తీసి చేతులు తుడుచుకోలేదు. ఏమరపాటుగా ఉడికిస్తే సన్నటి కొత్త గింజలు పుట్టి పాన్ మొత్తం చెడుతుంది. చెడితే ఇద్దరిలో ఎవరిది తప్పో తేలదు. అందుకే అప్పగింత అంత జాగ్రత్తగా జరిగేది. పెళ్లిలో ఆడపిల్లను అప్పగించేటప్పుడు కూడా ఇదే మాట వాడతాం.

ఇక మూడో మాట. ఇప్పుడు ఏ ఆఫీసుకు పోయినా ఇన్‌చార్జే. నాలుగేళ్లుగా ఇన్‌చార్జిగానే ఉన్నవారిని ఎరుగుదును. అడిగితే "నేను ఇన్‌చార్జినే" అంటారు. ఆ 'నే' నాకు నచ్చదు. వచ్చేటప్పుడు అప్పగించినవాళ్లు లేరు, పోయేటప్పుడు అందుకునేవాళ్లు ఉండరు. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీలో 2015 డిసెంబర్‌లో లేఆఫ్ నోటీసు పెట్టిన తర్వాత ఆ పాన్‌ల దగ్గరికి కూడా రిలీవర్ రాలేదు.

నా తర్వాత మాట్లాడవలసిన సోదరి వచ్చి కూర్చున్నారు. అమ్మా, ఇన్‌చార్జి సంగతి సగంలోనే ఉన్నది. ఇదిగో మైకు, శబ్దం జర తక్కువున్నది, చూసుకోండి.