శాలువా కూలి కాదు

(భిలాయిలో తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భిలాయిలో కూలి గురించి మాట్లాడటానికి ఉపోద్ఘాతం అక్కర్లేదు. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగినప్పటి నుంచి ఈ ఊరికి షిఫ్టు, జీతం, పీఎఫ్, వేతన ఒప్పందం అంటే తెలుసు. అవేవీ దక్కని కాంట్రాక్టు కార్మికుల కోసం కొట్లాడిన శంకర్ గుహా నియోగిని 1991లో ఇక్కడే చంపేశారు. ఇలాంటి ఊళ్లో నిలబడి నేను అడిగేది ఒక్కటే: పాట కూడా శ్రమే కదా, దాని కూలి లెక్క ఎక్కడ?

పక్కనే ఉన్న గనియారిలో పుట్టిన తీజన్ బాయి పారధీ తెగ బిడ్డ. పండవానీ పాడి పద్మవిభూషణ్ దాకా వెళ్లారు. పద్మ పురస్కారంతో నెల జీతం రాదు. ఆమెకు జీతం ఇచ్చింది ఈ ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం.

మన దర్శనం మొగులయ్య సంగతి చూడండి. దళితుల్లోనూ అట్టడుగున ఉన్న డక్కలి కులం. పన్నెండు మెట్ల కిన్నెరను బతికించిన చేతులు. 2021లో ‘భీమ్లా నాయక్’ పాటలో ఆయన గొంతును లోకమంతా విన్నది. 2022లో పద్మశ్రీ వచ్చింది, ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. 2024లో ఆయన తుర్కయంజాల్‌లో భవన నిర్మాణ కూలీగా కనిపించారు. తప్పు ఆయనలో వెతకొద్దు. ఒకసారి ఇచ్చే బహుమతి వేరు, పాట మోగిన ప్రతిసారీ రావాల్సిన వాటా వేరు. బహుమతి ఇచ్చేవాడి దయ. వాటా పాడినవాడి హక్కు.

హక్కు చట్టంలో ఉంది. 2012 సవరణ ప్రకారం సినిమాహాలు బయట పాట వాడితే రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను వారసులకు, కాపీరైట్ సొసైటీకి తప్ప ఎవరికీ రాసివ్వలేరు. వాణిజ్యపరంగా వాడుకుంటే గాయకులకూ రాయల్టీ ఉంది. కానీ యాప్‌ల డబ్బు నమోదైన పేర్ల వెంటే నడుస్తుంది. ‘జానపదం’ అని రాసి వదిలేసిన చోట రచయిత వాటా ఎవరికి పోతుంది? 2020లో బాద్‌షా ‘గేందా ఫూల్’లో బెంగాల్ కవిగాయకుడు రతన్ కహార్ పాట వాడుకున్నారు. మొదట ఆయన పేరే లేదు. జనం నిలదీశాక 5 లక్షలు పంపారు. నిలదీసేవాళ్లు లేని పాటల మాటేమిటి?

కులం మనకు డప్పునూ కిన్నెరనూ వృత్తిగా అంటగట్టింది. ఆ వృత్తికి కూలి కట్టకుండా గింజలు దానం పెట్టింది. ఈనాటి శాలువా ఆ గింజలకు కొత్త రూపం. 1946లో కార్మిక శాఖ చూస్తున్న బాబాసాహెబ్ కనీస వేతనాల బిల్లు తెచ్చారు. కూలిని యజమాని దయ నుంచి తప్పించి చట్టం చేతికి ఇవ్వడమే దాని అర్థం. పాట దగ్గరా మనం చేయాల్సింది అదే.

పరిశోధన చేసే మీ చేతుల్లో కొంత పని ఉంది. పాట రికార్డు చేస్తే పాడినవారి పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాయండి. పాట కట్టినవారు తెలిస్తే ఆ పేరు ముందు రాయండి. అప్‌లోడ్ చేయకముందే ఎవరి వాటా ఎంతో కాగితం మీద పెట్టండి. ఐపీఆర్‌ఎస్ లాంటి సొసైటీల్లో చేరడానికి దరఖాస్తు నింపిపెట్టండి. మీ థీసిస్‌కు డిగ్రీ వస్తుంది, ఉద్యోగం వస్తుంది. అందులోని పాటకు కూడా ఏదో ఒకటి రావాలి కదా.

‘కర్త తెలియదు’ అని ఇంకెవరో రాసేలోపు మన తాతల, అవ్వల పేర్లు మనమే రాద్దాం.

జై భీమ్.