పరదేశములో పండుగ

(డయాసిస్ శతాబ్ది సందర్భముగా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సంఘముల ఉమ్మడి కూడికలో చేసిన ప్రసంగము)

 

నూరేండ్ల చరిత్రను తలచుకొనే వేళ మనము సాధారణముగా వచ్చినవారిని గురించి మాట్లాడుకుంటాము. సువార్త ఎవరు తెచ్చారు, గుడి ఎవరు కట్టించారు, బడి ఎవరు పెట్టించారు అని చెప్పుకుంటాము. ఈ పూట మాకు అప్పగించిన అంశము వెళ్లినవారిని గురించినది. దేశము విడిచి వెళ్లిన మన బిడ్డలు క్రిస్మస్ ఆచారాలను అక్కడ ఎట్లా నిలుపుకోవాలి? థాయిలాండులో ఉంటున్న మన కుటుంబాలను ప్రత్యేకముగా మనసులో పెట్టుకొని కొన్ని మాటలు మనవి చేస్తాము.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన తరువాత మన ప్రాంతపు బ్రతుకు మారింది. ఎడమ కాలువ కింద వరి పండింది. మిర్యాలగూడలో రైసుమిల్లులు లేచాయి. ఆ పంట మీద చదువుకొన్న పిల్లలే ఈనాడు అమెరికాలో, గల్ఫులో, బ్యాంకాకులో ఉన్నారు. ఇందుకు దేవునికి స్తోత్రము. అయితే డిసెంబరు వచ్చేసరికి మన సంఘాలలో ఎన్నో ఇళ్లలో తల్లిదండ్రులిద్దరే మిగులుతున్నారు.

మన పండుగ ఎట్లాంటిదో ఒకసారి జ్ఞాపకము చేసుకుందాము. వరికోతలై ఇంట్లో కొత్త బియ్యము పడే రోజులవి. గోడలకు సున్నము వేస్తాము. వెదురు బద్దలు కట్టి రంగు కాగితము అంటించి నక్షత్రము చేసి ఇంటి మీద ఎత్తుతాము. చలిలో యౌవనస్థులు డోలకు, తాళాలు పట్టుకొని ఇంటింటికి పోయి పాడతారు. పాట వినిపించగానే నిద్రపోయేవారు లేచి తలుపు తీస్తారు. అరిసెలు, గరిజెలు, మురుకులు పళ్లెములో పెట్టి, పైన గుడ్డ కప్పి, ఇరుగు పొరుగు వారికి పంపుతాము. ఆ ఇల్లు ఏ మతము వారిదని చూడము. పళ్లెము వెళ్లవలసిందే.

ఇప్పుడు థాయిలాండు సంగతి చూద్దాము. అది బౌద్ధుల దేశము. క్రైస్తవులు నూటికి ఒకరు. డిసెంబరు 25 అక్కడ ప్రభుత్వ సెలవు దినము కాదు. బడులు, ఆఫీసులు మామూలుగా నడుస్తాయి. కాని పెద్ద దుకాణాలలో అలంకారాలకు కొదువ లేదు. మన సంఘములో పెరిగి అక్కడ కాపురముంటున్న ఒక సహోదరి ఫోనులో మాతో ఇట్లా అన్నది: "అయ్యగారూ, ఇక్కడ చెట్లున్నాయి, దీపాలున్నాయి, పాటలు కూడా మోగుతున్నాయి. పండుగ మాత్రం లేదండీ." ఆ మాటను మేము మరువలేకపోతున్నాము. దీపాలు డబ్బిస్తే దొరుకుతాయి. మన తలుపు తట్టే మనిషి ఏ దుకాణములో దొరుకుతాడు?

ప్రియులారా, ఇది కొత్త దుఃఖము కాదు. చెరలో ఉన్న యూదులు బబులోను నదుల దగ్గర కూర్చుండి, పరాయి దేశములో ప్రభువు కీర్తన ఎట్లా పాడగలమని ఏడ్చారు. అదే చెరలో ఉన్నవారికి యిర్మీయా ఉత్తరము వ్రాశాడు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరున్న పట్టణపు క్షేమము కొరకు ప్రార్థించండి అన్నది ఆ ఉత్తరపు సారాంశము. ఏడ్చినవారి కన్నీటిని దేవుడు త్రోసివేయలేదు, తోట నాటమని కూడా చెప్పాడు. మొదటి క్రిస్మస్ సైతము సొంత ఇంటిలో జరగలేదు. నజరేతు నుండి బేత్లెహేముకు సుమారు 110 కిలోమీటర్లు. మన సూర్యాపేట నుండి హైదరాబాదుకు ఉన్నదానికంటె కొంచెము తక్కువ. నిండు గర్భిణియైన మరియ అంత దూరము ప్రయాణము చేసి, చోటు లేని ఊరిలో బిడ్డను కన్నది. ఆ తరువాత ఆ కుటుంబము ఐగుప్తులో పరదేశులుగా బ్రతికింది.

మన తెలుగువారి చరిత్రలోనూ ఇట్టి సంగతులున్నాయి. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి కూలీలను తీసుకొని దక్షిణాఫ్రికాలోని డర్బను చేరింది. తరువాతి ఓడలలో తెలుగు క్రైస్తవులు కూడా చెరకు తోటలకు, తేయాకు తోటలకు వెళ్లారు. వారికి కాపరి లేడని విని తెలుగు బాప్తిస్టులు 1903లో నెల్లూరు నుండి జాన్ రంగయ్యగారిని పంపారు. అదే సంవత్సరము డిసెంబరు 27న, క్రిస్మస్ అయిన రెండవ రోజున, కియర్స్‌నీ అనే చోట తెలుగు సంఘము ఏర్పడింది. గమనించండి, బీదలైన మన సంఘాలే తమ బిడ్డల కొరకు సముద్రము అవతలికి కాపరిని పంపాయి. అయితే తరాలు గడిచేకొద్దీ అక్కడి ఇళ్లలో తెలుగు తగ్గి ఇంగ్లీషు నిలిచింది. విశ్వాసము నిలిచినందుకు సంతోషము. కాని అవ్వ పాడిన కీర్తన మనవరాలికి అర్థము కాకపోవడము చిన్న నష్టము కాదు.

మన సంఘ చరిత్రయే చూడండి. 1903లో స్థాపించబడిన తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ తమిళ సేవకులను దోర్నకల్ ప్రాంతానికి పంపింది. 1912లో బిషపు అయిన అజరయ్యగారు కూడా తమిళుడే. వారికి ఇది పరాయి నేల, పరాయి భాష. వారు తెలుగు నేర్చుకొన్నారు, మన వారితో తెలుగులో ఆరాధించారు. మనకు పండుగ నేర్పినవారిలో పండుగకు సొంత ఊరు వెళ్లలేని పరదేశులున్నారు.

కాబట్టి వెళ్లిన మన బిడ్డలకు మూడు సంగతులు చెబుతున్నాము.

మొదటిది పాట. ప్రయాణపు పెట్టెలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము ఒకటి పెట్టుకోండి. కీర్తన మీద రాగము, తాళము వేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరిగారివంటి భక్తులు మన రాగాలలో పాడి ఇచ్చిన ఆస్తి అది. పిల్లలకు తెలుగు అక్షరాలు రాకపోతే చెవితో నేర్పండి. సంవత్సరానికి ఒక్క కీర్తన నేర్పినా, పదేండ్ల బిడ్డకు పది కీర్తనలు నోటికి వస్తాయి.

రెండవది కూడిక. సెలవు లేదని పండుగ మానవద్దు. దగ్గరి ఆదివారము చేసుకోండి. గల్ఫులో మనవారు ఎన్నో ఏండ్లు వారాంతపు సెలవైన శుక్రవారమే ఆరాధించారు, ప్రభువు అంగీకరించలేదా? మూడు కుటుంబాలుంటే చాలు, ఒకరి ఇంటికి ఒకరు పాడుకుంటూ వెళ్లండి. బ్యాంకాకు గడియారము మనకంటె గంటన్నర ముందు. అక్కడ అర్ధరాత్రి అయ్యేసరికి ఇక్కడ పదిన్నర. ఆ వేళకు ఇంటికి ఫోను చేస్తే అమ్మానాన్నలు మేలుకొనే ఉంటారు. ఊరకే శుభాకాంక్షలు చెప్పి పెట్టేయక, కలిసి ఒక కీర్తన పాడండి.

మూడవది పళ్లెము. థాయిలాండు కూడా వరి తినే దేశమే. బియ్యము నానబెట్టి తడిపిండి పట్టుకుంటే అరిసెలు వస్తాయి. మన బెల్లము దొరకకపోతే అక్కడి కొబ్బరి బెల్లముతో పాకము పట్టి చూడండి. రుచి కొంచెము మారుతుంది, ఫరవాలేదు. ఆ పళ్లెము పక్క ఇంటి బౌద్ధునికి వెళ్లాలి. బ్యాంకాకు కాన్వెంటు రోడ్డులోని క్రైస్ట్ చర్చికి 1904లో స్థలమిచ్చినది బౌద్ధుడైన చులాలాంగ్‌కోర్న్ రాజు. పరదేశులు ప్రార్థించుకోవడానికి చోటిచ్చిన దేశానికి మన పళ్లెము ఒక కృతజ్ఞత.

ఇక ఇక్కడ ఉన్న మన మాట. రెడీమేడ్ నక్షత్రము కొని తగిలించి, పాటలు మైకుకు అప్పగించి, అరిసెలు మిఠాయి దుకాణములో కొంటే, విదేశములో ఉన్న బిడ్డలను ఆచారము నిలుపుమని అడిగే నోరు మనకెక్కడిది? వారు సెలవులకు వచ్చినప్పుడు చూసి నేర్చుకొనేది మన ఇళ్లలోనే. అందుచేత ఈ మూడు పట్టణాల యౌవనస్థులను కోరుతున్నాము. ఈ సంవత్సరము మీ పాటల వరుసలో పిల్లలు దూరమైన తల్లిదండ్రుల ఇళ్లు ముందు ఉండాలి. అక్కడ ఒక పాట ఎక్కువ పాడండి. పెట్టిన కాఫీ త్రాగి, కొంచెముసేపు కూర్చుని రండి.

మరొక్క తలుపున్నది. మన మిర్యాలగూడ మిల్లులలో బస్తాలు మోసే బీహారు సోదరులున్నారు. వారికి మనమే పరదేశము. వారి తల్లులు కూడా పండుగ నాడు ఫోను వైపు చూస్తుంటారు. మన బిడ్డలకు బ్యాంకాకులో ఎవరైనా తలుపు తీయాలని ప్రార్థించే మనము, ఆ షెడ్ల దగ్గరికి ఒక పళ్లెము తీసుకుపోవద్దా? మతము మార్చడానికని కాదు, తోటి మనిషి ఇంటికి దూరముగా ఉన్నాడని.

చోటు లేని ఊరిలో జన్మించిన ప్రభువు, దూరదేశములో ఉన్న మన బిడ్డలను కాచి, మన తలుపులను తెరచి ఉంచును గాక. ఆమేన్.