లినక్సు నేర్చుటకు ఎట్టి పుస్తకములు కావలెను?



మన ఐరాల ప్రాంతమున మామిడితోట వేయదలచిన రైతు మొక్క పొడవును జూచి కొనడు. అది విత్తనపు మొక్కయా, అంటుమొక్కయా, ఏ తల్లిచెట్టుది, మన నేలకు సరిపడునా యని యడిగి మఱి కొనును. ఏలయనగా నాడు చేసిన పొరపాటు కాపు వచ్చు నాటికిగాని బయటపడదు. పిల్లలకు పుస్తకము కొనియిచ్చుటయు నట్టిదే. కాని కంప్యూటరు విద్య విషయమున మన మీ జాగ్రత్తను పాటించుట లేదు. లావుగా నున్నదే గొప్పదని తలచుచున్నాము. కావున లినక్సు అను విద్యకు పుస్తకముల నెట్లు ఎన్నుకొనవలెనో నేడు మనవి చేసెదను.

లినక్సనగా నేమి? కంప్యూటరులోని భాగముల నన్నింటిని నడపుటకు ఆపరేటింగ్ సిస్టము అను వ్యవస్థ యొకటి యుండవలెను. 1991వ సంవత్సరమున ఫిన్లండు దేశములోని హెల్సింకి విశ్వవిద్యాలయమున చదువుచుండిన లైనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి, అట్టి వ్యవస్థకు కేంద్రమైన కెర్నెల్ అను భాగమును వ్రాసి లోకమునకు విడిచెను. అంతకు పూర్వమే, 1983లో, అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రారంభించిన గ్నూ అను కార్యక్రమమువారు సిద్ధపఱచిన సాధనములు దానితో కలిసినవి. దీని మూలరచనను ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పరులకు పంచవచ్చును. మంచి విత్తనము పండిన రైతు ఇరుగుపొరుగుల కిచ్చినట్లే యిదియు. ఆండ్రాయిడ్ ఫోను లోపల నున్నది ఈ లినక్సు కెర్నెలే. 2017 నవంబరులో ప్రకటింపబడిన పట్టికలో, లోకమున మిక్కిలి వేగముగల 500 కంప్యూటర్లును దీనితోనే నడచినవి. ఇక్కడినుండి చిత్తూరునకును, అటనుండి బెంగుళూరునకో చెన్నపట్టణమునకో కొలువులకై పోవు మన బిడ్డలకు ఈ విద్య యెంత యవసరమో వేఱుగ చెప్పనక్కఱలేదు.

మా బంధువులలో నొక కుఱ్ఱవాడు కాలేజీలో చేరిన యేడు, పాతపుస్తకము లమ్ము నొకచోట ‘లినక్స్ డివైస్ డ్రైవర్స్’ అను లావుపాటి గ్రంథమును కొనితెచ్చెను. జానథన్ కార్బెట్ మొదలగు మువ్వురు వ్రాసిన యా గ్రంథము ఉత్తమమైనదే. కాని దాని మూడవ కూర్పు 2005 నాటిది, 2.6.10 అను కెర్నెలును గూర్చినది. వాని కంప్యూటరులో నున్నదో, 2022లో మొదలైన ఆరవ వరుసకు చెందినది. పుస్తకములోని పాఠమును అక్షరము పొల్లుపోకుండ వ్రాసినను యంత్రము తప్పులనే చూపెను. మూడు నెలలు శ్రమపడి, “ఈ చదువు నాకు రాదు” అని వాడు దానిని కట్టిపెట్టెను. తప్పు వానిది కాదు; గ్రంథకర్తలదియు కాదు. ఏ మెట్టున నే పుస్తకము చదువవలెనో చెప్పు పెద్దలు వానికి లేకపోయిరి. ఆ పుస్తకపు లావు జూచి మెచ్చుకొన్నవారిలో నేనును ఒకడను.

అయినచో క్రొత్తపుస్తకములనే కొనవలెనా? అదియు కాదు. కాణిపాకము చెంత బాహుదానదిలో పాఱు నీరు ఏటేట క్రొత్తది. గట్లు మాత్రము పాతవే. ఈ విద్యలోను నీటివంటివి కొన్ని, గట్టువంటివి కొన్ని గలవు. కెర్నెల్ లోపలి యమరికను దాని నిర్మాతలు ఎడతెగక మార్చుచుందురు. కాని నిన్న దానిపై నడచిన ప్రోగ్రాము నేడు నిలిచిపోరాదని వారికొక కట్టుబాటు గలదు. ఇంటిలోని గదులను మార్చినను వీథివాకిలిని కదపరన్నమాట. అందుచేతనే బ్రియాన్ కెర్నిగాన్, రాబ్ పైక్ అనువారు 1984లో, లినక్సు పుట్టకమునుపే, యూనిక్సును గూర్చి వ్రాసిన ‘ది యూనిక్స్ ప్రోగ్రామింగ్ ఎన్విరాన్మెంట్’ లోని పాఠములు పెక్కు నేటికిని లినక్సుపై నడచుచున్నవి. లినక్సు యూనిక్సు పద్ధతినే యనుసరించినది గదా!

ఇక త్వరగా పాతపడునవి యేవి? స్థాపన చేయు విధమును తెరబొమ్మలతో చూపు పుస్తకములు మొదటివి. నిర్వహణను గూర్చినవి రెండవవి. 2015లో వచ్చిన డెబియన్ 8వ కూర్పులో, సేవలను ప్రారంభించు పాత పద్ధతికి బదులు సిస్టమ్‌డీ అనునది వచ్చెను. నెట్‌వర్కును చూచుకొనుటకు పూర్వము వాడిన ఇఫ్‌కాన్ఫిగ్ అను ఆజ్ఞకు బదులు నేడు ఐపీ అనునది వాడుచున్నారు. ఇట్టి పుస్తకములకు ముద్రణ సంవత్సరము చూడక ధర చెల్లింపరాదు.

ఇప్పుడు మెట్లను చెప్పెదను. మొదటి మెట్టునకు విలియం షాట్స్ వ్రాసిన ‘ది లినక్స్ కమాండ్ లైన్’ చాలును. ఏమియు తెలియనివానిని చేయిపట్టి నడపించునట్టిది. రెండవ మెట్టునకు, మన దేశీయుడైన సుమితాభ దాస్ వ్రాసిన ‘యూనిక్స్: కాన్సెప్ట్స్ అండ్ అప్లికేషన్స్’ ఉపకరించును. సీ భాష వచ్చినవారు మాత్రమే మూడవ మెట్టున మైకేల్ కెరిస్క్ 2010లో వెలువరించిన ‘ది లినక్స్ ప్రోగ్రామింగ్ ఇంటర్‌ఫేస్’ ను చేపట్టవలెను. అది 1500 పుటలకు మించినది; మొదటియేడు విద్యార్థి దానిని కొనుట వ్యర్థము. కెర్నెల్ లోపలి సంగతులను చెప్పు గ్రంథములు వీని తరువాతివి. పైగా ‘మ్యాన్’ అని వ్రాసి ఏదేని ఆజ్ఞ పేరును చేర్చినచో దాని వివరమును యంత్రమే తెరపై చూపును. ఆ విలువలేని పుస్తకము ప్రతి లినక్సు కంప్యూటరుతోడను సాధారణముగ వచ్చుచునే యుండును; విలువలేని దనగా వెలలేనిదని నా భావము.

బాహుదానది కథ మీ కందఱకును తెలిసినదే. అడుగక పండు కోసి తినిన లిఖితుడు చేతులు పోగొట్టుకొని, యీ నదిలో మునిగి మరల పొందెనని మన పెద్దలు చెప్పుదురు. పరుల గ్రంథమును అనుమతి లేక నకలు తీయుటయు నట్టి పనియే. ఈ విద్యలో దాని యవసరమును లేదు. షాట్స్ పుస్తకమును ఉచితముగ దింపుకొనుటకు గ్రంథకర్తయే యనుమతి యిచ్చియున్నాడు. రఫాయేల్ హెర్ట్‌జోగ్, రోలండ్ మాస్ వ్రాసిన ‘డెబియన్ అడ్మినిస్ట్రేటర్స్ హ్యాండ్‌బుక్’ కూడ నట్టిదే. ఆంగ్లము కష్టమైనవారికి బొంబాయి ఐ.ఐ.టి.వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠములు తెలుగున గూడ దొరకును.

సాంకేతిక విషయము మాకు తెలియదుగదా, మేమెట్లు పరీక్షింతు మని మీ రడుగవచ్చును. మూడు ప్రశ్నలు చాలును. ఈ పుస్తకము ఏ సంవత్సరమున, ఏ కూర్పును గూర్చి వ్రాయబడినది? ఏ మెట్టువానికై వ్రాయబడినది? నడుమ నొక పుట తెఱచి, అందలి రెండు పాఠములను పిల్లవాడు యంత్రముపై వ్రాసినచో చెప్పిన ఫలితమే వచ్చుచున్నదా? మూడవ ప్రశ్నకై పాత కంప్యూటరైనను చాలును. లినక్సును పెన్ డ్రైవు నుండి నడపి చూడవచ్చును గాన, అందున్న వ్యవస్థను చెఱుపనక్కఱలేదు.

గ్రామ గ్రంథాలయమునకు డబ్బు కొంచెమే యుండును. ఆ డబ్బుతో బీరువా నిండుగా కొనక, మొదటి మెట్టు పుస్తకము రెండు ప్రతులు కొనుడు. వాని ప్రక్కన నొక తెల్లకాగితముల నోటుపుస్తకము నుంచుడు. ఏ పుటలోని పాఠము నడచినదో, ఏది నడవలేదో, ఏల నడవలేదో చదివిన ప్రతి విద్యార్థియు అందు తెలుగున వ్రాయవలెను. తరువాత వచ్చువానికి అదియే మార్గదర్శి. ఒక పాఠము నడవనంత మాత్రమున తనకు చదువు రాదని వాడు భ్రమపడడు. మా కుఱ్ఱవానికి నాడు కావలసియుండినది ఆ యొక్క మాటయే. మీ యూరి బిడ్డలకు దానిని చెప్పు భారము మీది.